నిలువు గాజుపెట్టెకు తగిన బల్లి

ఇంటికి పెంపుడుప్రాణి వచ్చునప్పుడు పిల్లల చేతులలో వచ్చును. మూడు వారములు గడచిన పిమ్మట గృహిణి చేతులలో నుండును. చిలుకయైనను, కుక్కపిల్లయైనను, చేపలతొట్టియైనను ఈ క్రమము మారదు. ఇది సోదరీమణు లెల్లరు నెఱిగిన సంగతియే. ఇటీవల పట్టణములలో గాజుపెట్టెలయందు బల్లులను పెంచు ముచ్చటయు బయలుదేఱినది. కావున బల్లిని గూర్చి యొక గృహిణి వ్రాయుట వింతగా దోపదని తలచి, ఈ సంవత్సరము మా యింట జరిగిన విచారణను ఇచట విన్నవించుచున్నాము.

మా మఱది హైదరాబాదులో కాపురముండి, ఉద్యోగరీత్యా దూరదేశమునకు బోవుచు నొక గాజుపెట్టెను మాకు విడిచిపోయెను. దాని వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతును నంతియే, ఎత్తు మాత్రము 90. ముందువైపున రెండు తలుపులును, పైన సన్నని యినుపవలయు గలవు. ఆతడందులో మొక్కలు పెంచెడివాడు. పండ్రెండేండ్ల మా చిరంజీవి దానిని జూచినంతనే "అమ్మా! ఇందులో ఒక మంచి బల్లిని పెంచుదమా?" యని యడిగెను. మా అత్తగారు "గోడలమీద నున్నవి చాలవా, నాయనా!" యనిరి. ఆమెకు బల్లిపాటు భయము లేదు. కంచి వరదరాజస్వామి యాలయమున బంగారుబల్లిని, వెండిబల్లిని తాకివచ్చినవారికి ఆ దోష మంటదని మనవారి నమ్మకము గదా, ఆమె తాకివచ్చినవారే. మావారు ఉన్నతపాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పుదురు. వారు అవునని గాని కాదని గాని యనక, "మొదట తెలిసికొందము, తరువాత నిశ్చయింతము" అనిరి. పుస్తకములు దెచ్చుట వారి వంతు. రాత్రి పనులు తీఱిన పిమ్మట చదువుట మా వంతు. ప్రశ్నలు వేయుట పిల్లవాని వంతు.

మొదట తెలిసిన విషయ మేమనగా, బల్లులలో నేలమీద సంచరించునవి వేఱు, కొమ్మల నాశ్రయించునవి వేఱు. నేలబల్లికి వైశాల్యము కావలెను; కొమ్మబల్లికి ఎత్తు కావలెను. అంగళ్లలో నెక్కువగా గనబడు లెపర్డ్ గెకో యను చుక్కలబల్లి అఫ్గానిస్థానము, పాకిస్థానము, వాయవ్యభారతము మున్నగు మెట్టప్రదేశములది. దాని వ్రేళ్లకు మన గోడబల్లికి వలె నంటుకొను మెత్తలు లేవు, గాజు నెక్కజాలదు. ఎత్తైన పెట్టెలో దానిని బెట్టుట, నడుచుట కిష్టపడువానిని నిచ్చెన మెట్టుమీద గూర్చుండబెట్టుట వంటిది. ఆస్ట్రేలియా దేశపు బియర్డెడ్ డ్రాగన్ సాధుస్వభావము గలదే గాని, ఎదిగినచో అరమీటరు పొడవుండును. 45 సెంటీమీటర్ల నేలమీద నది చక్కగా వెనుదిరుగుటకును వీలుగాదు. కావున నీ రెంటిని విడిచితిమి.

"అయిన మన ఊసరవెల్లి కొమ్మల నెక్కునే, దానిని దెచ్చుకొందము" అని పిల్లవా డనెను. తొండ ముదిరి ఊసరవెల్లి యైనదని మనవారు సామెత చెప్పుదురు గాని, ఈ రెండును వేఱువేఱు జాతులు. తొండ యెంత ముదిరినను తొండయే. ఊసరవెల్లిని బట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి నేరము. ఉడుమునకు నా చట్టమున నత్యధికమైన రక్షణ గలదు. చట్ట మటుండ, మన పొదలలో దనంతట దాను బ్రతుకుచున్న ప్రాణిని దెచ్చి గాజుగోడల నడుమ నుంచుట యేమి ముచ్చట? స్వదేశపు ప్రాణులను గూర్చిన ప్రసక్తి యంతటితో ముగిసినది.

విదేశపు కొమ్మబల్లులలో మొదట జెప్పదగినది ఇగువానా. మధ్య, దక్షిణ అమెరికాల యడవులు దాని పుట్టిల్లు. అంగడిలో నది జానెడు పొడవున, చిగురుటాకు వన్నెతో, చూచువారి మనసు దోచునట్లుండును. కొన్ని యేండ్లకు దోకతో గూడ ఒకటిన్నర మీటరును మించవచ్చును. అప్పుడు దానికి పెట్టె చాలదు, గది కావలెను. చిన్ననాటి యందము జూచి కొని, ఎదిగిన పిమ్మట నెచ్చటనో విడిచివచ్చువారును గలరట! అది యా ప్రాణికిని ద్రోహము, ఇచ్చటి ప్రాణులకును ద్రోహమే.

రెండవది యెమెను దేశపు ఊసరవెల్లి. ఆంగ్లమున వెయిల్డ్ కమీలియన్ అందురు. తలపైన కిరీటము వంటి యెత్తు గలిగి చూడ ముచ్చటగా నుండును. కాని దానిని పెంచుట సులభము గాదు. గిన్నెలో బోసిన నీటిని సామాన్యముగా త్రాగదు. ఆకులపై జాఱు బిందువులను నాకును. గాలి ధారాళముగా నాడు వలపెట్టె దానికి మేలు; మూసిన గాజు మంచిది గాదు. అతినీలలోహిత కిరణముల నిచ్చు ప్రత్యేకదీపము లేనిచో ఎముకలు మెత్తబడును. చేతితో బట్టుకొనిన బెదరును. మఱియొక సంగతి మా మనసును దాకినది: ఆడుది మగతోడు లేకున్నను గ్రుడ్లు పెట్టును, వానిని బాతిపెట్టుటకు లోతైన తడిమన్ను దొరకకున్న గ్రుడ్లను లోననే నిలుపుకొని ప్రాణము విడుచుటయు గలదు. అంగళ్లలో నీ మాట చెప్పి యమ్మువారెందఱు? కొను గృహస్థున కీ మాట తట్టునా?

ఈ రెండు జాతులును అంతర్జాతీయ వ్యాపారనియమములకు లోబడినవి. మన చట్టమును 2022 లో సవరించిరి. 2024 లో జేసిన నిబంధనల ప్రకారము, ఇట్టి ప్రాణులను గలవారు పరివేష్ అను ప్రభుత్వపు ఇంటర్నెట్ ద్వారమున, రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కడ నమోదు చేయించుకొనవలెను. కావున నమ్మువాని మాట చాలదు. వ్రాతమూలము చూపుమని యడుగవలెను.

మూడవది క్రెస్టెడ్ గెకో. నిలువుపెట్టెకు తగిన బల్లి యేదని యడిగిన, చదివినంతవఱకు మేము దీనినే చెప్పుదుము. ఆస్ట్రేలియాకు తూర్పున నున్న న్యూ కెలెడోనియా ద్వీపము దీని జన్మస్థానము. గిషెనో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1866 లో దీనిని వర్ణించెను. తరువాత నిది నశించినదనియే తలచిరి. 1994 లో మరల గనబడినది. నేడు పెంపుడిండ్లలో నున్నవి పెట్టెలలో బుట్టి పెరిగిన సంతతి. తోకతో గూడ 20 సెంటీమీటర్లు. కన్నులపైన ఱెప్పవెండ్రుకల వంటి వరుస గలదు గాని మూసి తెఱచు ఱెప్పలు లేవు. నాలుకతో దన కన్నులను దానే తుడుచుకొనును. పగలు ఆకుల మాటున నిదురించి, రాత్రి కొమ్మనుండి కొమ్మకు దుముకును. దీనికొఱకే చేసిన పండ్లపొడిని నీటిలో గలిపి యొకదినము విడిచి యొకదినము పెట్టవచ్చును. అప్పుడప్పుడు చిన్న కీచురాళ్లను వేసిన నింకను మేలు. సాయంకాలము ఆకులపై నీరు చిలుకరించవలెను. బెదరినచో తోకను విడుచును. మన యింటిబల్లికి వలె నది మరల మొలవదు.

ఇంతవఱకు జదివి పిల్లవాడు గంతులు వేసెను. పెట్టె సరిపోయినది, ఆహారము సులభము, స్వభావము సాధువు. కాని యచ్చటనే మఱియొక వాక్యము గలదు. ఈ బల్లికి హితమైన వేడిమి 22 మొదలు 26 సెంటీగ్రేడు డిగ్రీలు. 28 దాటి చాలసేపు నిలిచినచో దానికి బాధ. అంతకు మించిన ప్రాణాపాయము.

మా యూరు కృష్ణాతీరమున గలదు. వైశాఖ జ్యేష్ఠములలో మా ఎండ యెట్టిదో వేఱుగ వ్రాయ నక్కఱలేదు. మావారు వాదమునకు దిగక, పాఠశాలలో వాడు ఉష్ణమాపకము వంటి దానినొకటి కొనితెచ్చి, ఖాళీ పెట్టెలో నడుమ నొక కొమ్మకు గట్టి, మే నెల యంతయు దినమునకు మూడుమారులు వ్రాయుమని పిల్లవానికి నొక పుస్తక మిచ్చిరి. ఉదయము 7 గంటలకు 31. మధ్యాహ్నము 3 గంటలకు 37, 38. రాత్రి 10 గంటలకు సైతము 33. ఆ నెలలో నొక్కమారైనను 28 అను అంకె యా పుస్తకమున బడలేదు.

"గదిలో చల్లనియంత్రము పెట్టించిన?" అని పిల్లవాడు మెల్లగా నడిగెను. మేము లెక్క వేసి చూపితిమి. రాత్రింబవళ్లు నాలుగు నెలలు యంత్రము నడువవలెను. విద్యుత్తు పోయిన గంటలలో నేమి చేయుదుము? అదియు గాక, డెబ్బదియేండ్ల నాయనమ్మ వసారాలో విసనకఱ్ఱతో ప్రొద్దు పుచ్చుచుండగా, బల్లికి చల్లని గది యేర్పఱచుట యే ధర్మము? ఆమె మాత్రము నవ్వి, "నా కా చలి పడదమ్మా, బల్లికే పెట్టించుడు" అనిరి. ఆ మాటకు మేమందఱమును నవ్వితిమి గాని, పిల్లవాడు నవ్వలేదు, ఆలోచింప నారంభించెను.

వేడిమికి దోడు మఱియొక లెక్కయు గలదు. క్రెస్టెడ్ గెకో చక్కగా బెంచిన 15 ఏండ్లు మొదలు 20 ఏండ్లు బ్రతుకును. మా వానికి ఇప్పుడు 12. ఐదారేండ్లలో పైచదువునకు బోవును. ఇరువదియేడవ యేట వానికి వివాహము నైనను గావచ్చును. అప్పుడు క్రొత్తకోడలికి మేము అప్పగింపవలసిన వస్తువులలో తాళపుగుత్తితో పాటు ఈ బల్లియు నుండును! నవ్వులాట కిట్లంటిమి గాని, అంతకాలము పండ్లపొడి కలుపుట, పెట్టె కడుగుట, రాత్రి దీపము పెట్టి బల్లి గలదో లేదో చూచుట యెవరి పనియో మన సోదరీమణులకు జెప్పవలెనా? ఆ పనికి మే మొప్పుకొనవచ్చును. ఒప్పుకొనక ముందే యది మా తలపై బడకూడదని మాత్రమే మా కోరిక.

ఆ దినములలో నొక రాత్రి భాగవతమందలి నృగమహారాజు కథను బిల్లలకు జెప్పితిమి. ఒకరి కిచ్చిన గోవును దెలియక మఱియొకరి కిచ్చిన కారణమున నా రాజు ఊసరవెల్లియై పాడునూతిలో బడియుండెను. యాదవబాలకులు జూచి, త్రాళ్లు గట్టి లాగియు బైకి దీయలేకపోయిరి. శ్రీకృష్ణుడు వచ్చి యుద్ధరించెను. కథ ముగియగానే మా వాడు, "అన్నాళ్లు నూతిలో నది యేమి తినెనమ్మా? వేసవిలో నెట్లుండెను?" అని యడిగెను. మేము చదివిన కథలో దానికి సమాధానము లేదు. పురాణమునకు వాని యవసరమును లేదు. కాని ప్రాణిని పెట్టెలో నుంచువారు ముందుగా జెప్పవలసిన సమాధానము లవియే. మఱునాడు వాడే వేడిమి పుస్తకమును దెచ్చి మావారి ముందుంచి, "మన యింటికి వలదు, నాన్నగారూ!" అనెను. వాని కన్నుల నీరు తిరిగినది. మేము తుడువలేదు, అది తుడువదగిన నీరు గాదు.

ఇప్పుడా పెట్టెలో మనీప్లాంటు తీగయు, నాచుపట్టిన యొక కొమ్మయు గలవు. ముందటి వసారాలో దీపము కడకు రాత్రి వచ్చు గోడబల్లులను వాడు లెక్కించి వ్రాయుచున్నాడు. పొట్టితోకది యొకటి, పాలవన్నెది యొకటి గలవని గుర్తుపట్టినాడు. పొట్టితోక వారము వారమున కెంత పెరిగినదో దూరమునుండియే యంచనా కట్టుచున్నాడు. వానికి గాజు లేదు, మాకు కడుగుపని లేదు, దోమలును గొంత తగ్గినవని మా అత్తగా రనుచున్నారు.

అయినను మా తీర్పు మా యింటికి మాత్రమే. ఉదకమండలము వంటి చల్లని చోట్ల గాపురముండువారును, విదేశములలో శీతలప్రాంతములయందున్న మన ఆడపడుచులును, నిలువుపెట్టె గలిగినచో క్రెస్టెడ్ గెకోను నిశ్చింతగా విచారింపవచ్చును. 45 సెంటీమీటర్ల చదరమున 60 ఎత్తైనను జాలును; 90 యైన మఱియు మేలు. అడ్డముగను, ఏటవాలుగను కొమ్మలు గట్టి, ఆకుల మఱుగు దట్టముగా నుంచవలెను. మఱుగు లేని యెత్తు బల్లికి భయమే గాని భోగము గాదు. తలుపులు ముందువైపున నుండుట మంచిది. పైనుండి దిగు చేయి దానికి గ్రద్ద గోరువలె దోచును. తాకిన పిమ్మట చేతులు సబ్బుతో గడుగుకొనవలెను. బల్లులయందు సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండుట గలదు. ఐదేండ్లలోపు బిడ్డలున్న యింట బల్లిని తేకుండుట మేలు. వంటింటి తొట్టిలో దాని గిన్నెలు కడుగరాదు.

కొనుటకు ముందు పెట్టెను సిద్ధపఱచి, ఉష్ణమాపకము నొకదానిని అందుంచి, మీ యూరిలో నెక్కువ వేడిమిగల నెలను గడవనిండు. ఆ నెల యంకెలు పుస్తకమున బడిన తరువాతనే యంగడికి బొండు.