గేటు దగ్గరే మూడు క్వింటాళ్ళ మిర్చి!

విహారయాత్ర అనే మాట మన ఇళ్ళల్లో ఎక్కువగా వినపడదు. యాత్ర అంటే గుడి. ప్రయాణం అంటే పెళ్ళో, పురుడో, పరామర్శో. మా నరసరావుపేట వైపయితే కోటప్పకొండ తిరునాళ్ళు, ఎత్తిపోతల, నాగార్జునసాగర్ డ్యాము, ఈ మూడూ చూసొస్తే ఊళ్ళు తిరిగినట్టే లెక్క. డబ్బు పోసి గది తీసుకుని, ఏ పనీ లేకుండా రెండ్రోజులు కూర్చుని వచ్చేవాళ్ళంటే మా అత్తయ్యకి ఇప్పటికీ నవ్వే. "ఊరికే కూర్చోటానికి మన అరుగు లేదా ఏంది?" అంటుంది.

అలాంటి ఇంట్లోకి 2025లో ఆఫ్రికా మాట వచ్చింది. మా తమ్ముడు నైరోబీలో ఒక మందుల కంపెనీలో లెక్కలు చూస్తాడు. మా అమ్మాయికి విశాఖపట్నం సంబంధం ఖాయమైందని తెలిసి మరదలు ఫోన్ చేసింది. "వదినా, ముహూర్తం ఫాల్గుణంలో కదా. మూఢమి రోజులు ఖాళీయేగా, అందరూ ఒకసారి ఇటొచ్చి పోండి. పెళ్ళయ్యాక పిల్ల మీ చేతికి చిక్కదు" అంది. చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇరవై మూడేళ్ళు పెంచాను. మేమంతా కలిసి సరదా కోసం పొరుగూళ్ళో ఒక్క రాత్రి పడుకున్నది లేదు.

దానికి తోడు మావారి సంగతి. గురజాల దగ్గర మాకు మూడెకరాల మిర్చి ఉంది. ఆ ఏడు ధర ఎంత పడిందో మీలో సేద్యం ఉన్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండేళ్ళ ముందు క్వింటాలు ఇరవై వేల పైన పలికిన సరుకు. చివరికి కేంద్రం కల్పించుకుని 11,781 రూపాయలని ధర కట్టాల్సొచ్చింది. అప్పట్నించీ ఆయన మాట తగ్గించేశారు. పళ్ళెం ముందు కూర్చుంటారు, తిన్నామనిపించుకుని లేచిపోతారు. కూరలో ఉప్పు లేకపోయినా అడగని మనిషిని చూస్తే నాకు భయం వేసేది.

నా దగ్గర ఒక చీటీ ఉంది. జాకెట్లు కుట్టిన డబ్బుతో నెలకు రెండు వేలు, 50 నెలలు కట్టాను. లక్ష రూపాయలు. పెళ్ళి ఖర్చులకని అందరూ అనుకుంటున్నారు, నేనూ అవునన్నాను. కానీ అందులో కొంత తీసి ఈ ఇంటిని ఒకసారి గడప దాటించాలని లోపల్లోపల ఉంది.

తమ్ముడు మసాయి మారా అడవిలో బస చేసే చోట్ల ఫోటోలు, రేట్లు ఫోన్లో పంపాడు. నేను పాల పద్దు పుస్తకం తీసుకుని కూర్చున్నాను. గుడారాలు అంటారు గానీ లోపల పందిరి మంచం, స్నానాల తొట్టి, అద్దాల బల్ల! పొద్దున లేచి తెర పక్కకి లాగితే ఏనుగులట. రాత్రికి వంద, నూటయాభై డాలర్ల నుంచి వెయ్యి దాటినవి కూడా ఉన్నాయి. పైగా ఆ రేటు గదికి కాదు, మనిషికి. ఇద్దరు కలిసి ఒక గదిలో ఉంటేనే ఆ రేటు, ఒంటరిగా ఉంటే ఇంకా ఎక్కువ. గది అద్దె అనుకుని సంబరపడేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

అది కాక గేటు రుసుం. 2024 నుంచి విదేశీయులకి జనవరి మొదలు జూన్ దాకా పెద్దవాళ్ళకి రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. టాంజానియా వైపు సెరెంగెటీ నుంచి విల్డెబీస్ట్ మందలు లక్షల్లో మారా నది దాటి వచ్చేది జూలై, అక్టోబరు మధ్యనే. జనం ఎగబడేదీ అప్పుడే. మా ఇద్దరికే రోజుకు 400 డాలర్లు. డాలరు 88 రూపాయలు వేసుకుంటే 35,200. ఆ అంకె పైకి చదివాను.

మూలన పేపరు చూస్తున్న మావారు తలెత్తి, "అంటే గేటు దగ్గరే మూడు క్వింటాళ్ళ మిర్చి పోయాలన్నమాట. అంత పోసి లోపలికి పోతే సింహం మనకేం పెడుద్దే?" అన్నారు.

నేనూ పిల్లలూ పడీపడీ నవ్వాం. ఎన్ని నెలలైందో ఆయన నోట అలాంటి మాట విని! ఆఫ్రికా కాదని ఆ క్షణమే తేలిపోయింది గానీ, ఈ మనిషిని ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్ళాల్సిందేనని కూడా అప్పుడే అనుకున్నాను.

శక్తి ఉన్నవాళ్ళ కోసం నేను తెలుసుకున్నవి రెండు ముక్కలు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వానలు, లాడ్జీల రేట్లు బాగా తగ్గుతాయి. గేటు బయట బస చవకే, కానీ రోజూ లోపలికి వెళ్ళే రుసుం తప్పదు, దోవలో పోయే పొద్దు వేరు. నైరోబీ నుంచి చిన్న విమానంలో వెళితే సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. మన ఆవకాయ జాడీకే సరిపోతుంది! వెళ్ళడానికి కనీసం పది రోజుల ముందు పచ్చజ్వరం టీకా వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు. ఇక అడవి వద్దు, సముద్రం చాలనుకుంటే మొంబాసా దగ్గర డయానీ తీరంలో బసలు అడవి లాడ్జీల కన్నా చవకని మరదలు చెప్పింది. సముద్రానికి గేటు లేదు కదా మరి.

సరే, మన సంగతికొస్తాను. ఆలోచిస్తే అడవీ సముద్రమూ రెండూ మాకు పక్కనే ఉన్నాయి. తూర్పున బాపట్ల మీదుగా సూర్యలంక. పడమర నల్లమల. అక్కడ సింహాలు లేవు గానీ, విస్తీర్ణంలో మన దేశంలోకెల్లా పెద్ద పులుల అడవి అదే. ప్రాజెక్టు టైగర్‌లోకి 1983లో తీసుకున్నారట. మాచర్ల దాటితే మొదలయ్యే అడవిని నలభై ఏళ్ళు పైబడిన నేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు!

చీటీ డబ్బులో 30 వేలు తీసి పక్కన పెట్టాను. దాన్ని డబ్బాల్లో పోపు దినుసులు సర్దినట్టు విడదీశాను. కారుకింత, బసకింత, తిండికింత, చేతి కింద ఇంత. తర్వాత ఫోన్లు మొదలుపెట్టాను.

సముద్రం ఒడ్డున ఒక ప్రైవేటు రిసార్టు వాళ్ళు గది ఎనిమిది వేలన్నారు. పన్ను కలిపేనా అంటే విడిగా అన్నారు. గది రోజుకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. అంటే 9,440. అంతకు లోపయితే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. ఎనిమిది వేల గదికీ ఏడు వేల గదికీ తేడా వెయ్యి కాదు, రెండు వేల పైన అని ఇక్కడ తెలుస్తుంది. మేం ఐదుగురం కాబట్టి రెండు గదులు, లేదా ఒక గదీ రెండు అదనపు పరుపులూ. పరుపుకింత. కిటికీలోంచి సముద్రం కనపడాలంటే ఇంకొంత. "సముద్రం బయట ఊరికే కనపడుద్ది గదమ్మా, కిటికీలోంచి చూస్తే డబ్బులేంది?" అంది అత్తయ్య. ఆవిడ లెక్కలో తప్పేం లేదు. టూరిజం వాళ్ళ గదులు అంత హంగుగా ఉండవు గానీ మనకి అందుబాటులో ఉంటాయి. ఒక్కటే షరతు, శని ఆదివారాలు తప్పించాలి. ఆ రెండు రోజులూ సూర్యలంకలో ఇసుక కన్నా జనమే ఎక్కువ.

అబ్బాయి పులి అన్నాడు. నాకు సముద్రం మీద ఉంది, దాచడమెందుకు. అప్పుడు అమ్మాయి, "అమ్మా, పెళ్ళయ్యాక నాకు రోజూ సముద్రమేగా. మీరు నా దగ్గరికొస్తే చూద్దురు. ఇప్పుడు అడవికి పోదాం, అదయితే మనం మనంగా చూస్తాం" అంది. మనం మనంగా అన్న మాటకి నాకు కళ్ళు తిరిగి నీళ్ళొచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి పోపు వేశాను.

మిగిలింది అత్తయ్య. అడవి చూడటానికి డబ్బు తగలేయడమేంది, మా నాన్న కట్టెలు కొట్టుకొచ్చేవాడు అడవి నుంచి అని మొదలెట్టింది. నేను తొందరపడలేదు. "అడవిలో ఒక రాత్రి ఉండి, మర్నాడు శ్రీశైలం వెళ్ళి మల్లన్నని చూసి వద్దాం అత్తయ్యా. కార్తీకం వెళ్ళిపోయింది, రద్దీ ఉండదు" అన్నాను. అంతే, సంచి సర్దుకుంది. సరదా ప్రయాణానికి ఒక దేవుణ్ణి జత చేస్తే మన ఇళ్ళల్లో సగం అడ్డంకులు పోతాయి. ఇది మాత్రం అందరూ వాడుకోదగ్గ చిట్కా!

డిసెంబరులో ఒక మంగళవారం బయల్దేరాం. నల్లమలలో జూలై నుంచి సెప్టెంబరు దాకా అడవి జీపులు తిప్పరు, ఆ మూడు నెలలు జంతువులకి వదిలేస్తారు. వినుకొండ దాటి త్రిపురాంతకంలో స్వామిని చూసుకుని, దోర్నాల మీదుగా ఆత్మకూరు రోడ్డు పట్టాం. ఆ దారిలోనే బైర్లూటి. అక్కడ అటవీ శాఖ వాళ్ళ జంగిల్ క్యాంపు ఉంది. గుడారాలూ ఉన్నాయి, కాటేజీలూ ఉన్నాయి. బసా భోజనం జీపూ అన్నీ కలిపే ధర. ఇలా కలిపి చెప్పే చోటే మనబోటి వాళ్ళకి మంచిది, మాటిమాటికీ పర్సు తీయక్కర్లేదు. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద రాత్రిపూట బళ్ళు వదలరు, పగలే దాటాలి.

మాతో వచ్చిన గైడు చెంచు కుర్రాడు. మల్లన్నని చెంచులు తమ అల్లుడిగా చెప్పుకుంటారని తెలిసి అత్తయ్య ఆ అబ్బాయిని వదల్లేదు. మోకాళ్ళ నొప్పులకి జీపు కుదుపులు పడవని ఆవిడ క్యాంపులోనే వంట చేసేవాళ్ళతో కబుర్లు పెట్టుకుని కూర్చుంది. మేం నలుగురం జీపెక్కాం. చుక్కల దుప్పులు, నెమళ్ళు, ఒక అడవి పందుల కుటుంబం కనపడ్డాయి. పులి కనపడలేదు. దాని అడుగులు మాత్రం బాట పక్క దుమ్ములో ఉన్నాయి. మగ పులి అడుగు చతురంగా ఉంటుందట, ఆడపులిది కాస్త కోలగా. ఇది కోలగా ఉంది. మా అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని తన అరచెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు. మావారు కూడా వంగి, "పొద్దున్నే పోయుంటది, మట్టి ఇంకా గుల్లగానే ఉంది" అన్నారు. రైతు కదా, మట్టిని చూసే చెబుతారు. గైడు అబ్బాయి నిజమేనని తలూపాడు.

రాత్రి అన్నాలు తిన్నాక చలికి నెగడు దగ్గర కూర్చున్నాం. ఫోన్లకి సిగ్నలు లేదు. నిజం చెప్పాలంటే మేం డబ్బు పెట్టి కొనుక్కున్నది అదే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి ఆయన, "అరెకరం బేరం పెట్టాను, పెళ్ళికి" అన్నారు. నాక్కూడా చెప్పలేదు ఆ మాట. ఆ నెలలన్నీ నోరు మూసుకుని మోసింది అదన్నమాట.

అమ్మాయి వాళ్ళ నాన్న పక్కకి జరిగి కూర్చుంది. "ఎందుకు నాన్నా, ఫంక్షన్ హాలు కోసమా? వెయ్యి మందికి భోజనాల కోసమా? కోటప్పకొండలో చేసెయ్. వాళ్ళతో నేను మాట్లాడతా" అంది. ఆయన ఏదో అనబోయి ఊరుకున్నారు. "పిల్లకున్న తెలివి నీకు లేదేందిరా" అంది అత్తయ్య, దుప్పట్లోంచే. అప్పటిదాకా నిద్రపోతోందనుకున్నాం!

మర్నాడు శ్రీశైలంలో దర్శనం చేసుకుని, సత్రంలో ఒక రాత్రి ఉండి వచ్చేశాం. ఖర్చు మొత్తం 27,400. అందులో కారూ డ్రైవరు బత్తా కలిపి పదివేలు దాటింది. ఎక్కడ ఉండాలా అని వారం రోజులు తల బద్దలు కొట్టుకుంటాం గానీ, అసలు డబ్బు తినేది దారి. ఐదుగురం వెళ్ళినా అదే కారు, ఇద్దరు వెళ్ళినా అదే కారు. కాబట్టి అత్తగార్నీ వెంటబెట్టుకు వెళ్ళండి, దండగ లేదు.

అరెకరం ఇప్పటికీ మా పేరునే ఉంది. 30 వేలల్లో మిగిలిన 2,600 పోపుల డబ్బాలో వేశాను. మొన్న నేను మిషను మీద కూర్చుంటే అత్తయ్య వచ్చి పక్కన చతికిలబడి, "అమ్మాయ్, ఆ సూర్యలంక దగ్గర గుడేమన్నా ఉందా?" అని అడిగింది.