హైటెక్ సిటీ గుట్టల్లో పాత కాపురస్తులు

హైటెక్ సిటీ అనగానే మీకేం గుర్తొస్తుంది? అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, మెడలో కార్డులు వేసుకుని పరుగులు తీసే పిల్లలు, అంతేగా! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా రాళ్ల గుట్టలూ, తుప్పలూ. అప్పటి కాపురస్తులు కొందరు ఇంకా ఇక్కడే ఉన్నారు. ఎవరంటారా? తొండలు, బల్లులు, నలికండ్లపాములు!

ముఖం చిట్లించకండి. బల్లి మీద పడితే పంచాంగం తిరగేసే మనం దాని కళ్లలోకి ఒక్కసారైనా చూశామా? ఫోనుకి తగిలించే చిన్న మాక్రో లెన్సు మా అమ్మాయి కొనిచ్చాక నేను చూశాను. తొండ ఒంటి మీద పొలుసులు ఎవరో పనిగట్టుకుని పూసలు గుచ్చినట్టే ఉన్నాయి.

కొత్తవాళ్లయితే కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌తో మొదలుపెట్టండి. అక్కడ కంచెల మీద, చెట్ల మొదళ్లలో తోట తొండలు కనిపిస్తాయి. రాతి తొండని చూడాలంటే మాత్రం ఖాజాగూడ గుట్టలు ఎక్కాల్సిందే. ఆడది రాతి రంగులోనే ఉండి ఓ పట్టాన కనబడదు. మగది జత కట్టే రోజుల్లో వీపు ఎర్రగానో పసుపుగానో మారి, పక్కలు నల్లబడి పెళ్లికొడుకులా కూర్చుంటుంది.

పొద్దున్నే ఎండ పడ్డాక వెళ్లండి. వీటికి మనలా ఒంట్లో వేడి పుట్టదు, అందుకే రాయి మీద ఎండ కాగుతూ కదలకుండా ఉంటాయి. దూరం నుంచే ఒక ఫొటో తీసుకోండి. రెండడుగులు వేసి ఆగండి, మళ్లీ రెండడుగులు. మీ నీడ దాని మీద పడనివ్వద్దు. మోకాళ్ల మీద కూర్చుని ఫోను దాని కంటి ఎత్తుకి దించి, కన్ను స్పష్టంగా వచ్చేలా తీయండి. ఫ్లాష్ వద్దు. కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి ఫొటో తీసేవాళ్లూ ఉన్నారు. ఆ పాపం మనకొద్దు.

బల్లి, నలికండ్లపాము బెదిరితే తోక వదిలేసి పారిపోతాయి. మనం పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్నట్టు అవి తోకలో కొవ్వు దాచుకుంటాయి. తరిమితే ఆ దాచుకున్నదంతా పోతుంది. అన్నట్టు, నలికండ్లపాముకి విషం లేదు. కనబడగానే చీపురు ఎత్తకండి.

ఒంటరిగా వెళ్లొద్దు. కాళ్లకి బూట్లుండాలి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, పాములూ తేళ్లూ ఉంటాయి. రాయి తిరగేయడమూ వద్దు, అది ఇంకొకరి ఇల్లు.

ఇల్లంటే గుర్తొచ్చింది. ఈ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పునాది కోసం పేలిస్తే ఒక్క రోజులో పిండి. తోట తొండ మన పెరట్లో సర్దుకుంటుంది కానీ రాతి తొండకి ఎండ కాగడానికి బండ కావాలి, దాక్కోవడానికి పగులు కావాలి. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ రాళ్ల కోసమే పాటుపడుతున్నారు. 2025లో కంచ గచ్చిబౌలిలో యూనివర్సిటీ పక్క 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వస్తే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. జింకలతో పాటు నక్షత్ర తాబేళ్లు ఉండే చోటది.

అక్కడ మన చేతి ఫోను ఏం చేస్తుందంటారా? ఫొటో కింద తేదీ, చోటు రాసి పెట్టండి. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు, లెక్కలోకీ వస్తుంది. రేపు ఎవరైనా 'ఇక్కడ రాళ్లు తప్ప ఏమున్నాయి' అంటే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఈ ఆదివారం పులిహోర కట్టుకుని పిల్లలతో బయల్దేరండి మరి. ఎండ ముదరకముందే సుమా!