మూడేళ్ల పిల్లకు మీ ఇంట్లో ఎంత చోటుంది?

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు పంచే ఆచారం మీకు తెలిసే ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి పిండివంట పేరు మారవచ్చును గాని సంగతి ఒక్కటే. బిడ్డ కొత్తగా కదిలిన ప్రతిసారీ ఇల్లు పండుగ చేసుకొనేది. ప్రభుత్వ వైద్యుడిగా పల్లెల్లో పనిచేసిన రోజుల్లో ఈ ఆచారం నాకు వృత్తిలోనూ అక్కరకు వచ్చింది. బిడ్డ ఎన్నో నెలలో నడిచిందని అడిగితే చాలామంది తల్లులు చెప్పలేకపోయేవారు. "సంక్రాంతి వెళ్లిన వారానికి అరిసెలు పంచామండీ" అని మాత్రం తడుముకోకుండా చెప్పేవారు. నా కేసు షీటులో దాన్నే తేదీగా రాసుకొనేవాణ్ని.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాను. ఇక్కడా అరిసెలు వస్తాయి, మిఠాయి దుకాణం పెట్టెలో. అయితే ఆ మొదటి అడుగులు వేసిన బిడ్డ ఆ తరువాత ఎక్కడ నడుస్తున్నది? ఈ వ్యాసంలో మీతో మాట్లాడదలచినది ఆ సంగతే.

రెండేళ్ల క్రితం మా అంతస్తులోనే ఉండే ఒక కుటుంబంవారు తమ మూడేళ్ల పాపను చూడమని నన్ను పిలిచారు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్థులు. పగలంతా పాప నాయనమ్మ దగ్గర ఉంటుంది. "మా పాప బంగారమండీ డాక్టరుగారూ, కూర్చోబెట్టిన చోటు నుంచి లేవదు, అల్లరన్నదే ఎరుగదు" అన్నారావిడ. వచ్చిన చిక్కల్లా మెట్లెక్కమంటే ఏడుపు, నాలుగడుగులు నడిస్తే ఎత్తుకొమ్మని పేచీ, రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టకపోవటం. కాళ్లలో బలం లేదేమో, కాల్షియం టానిక్కు రాయమన్నారు.

పాపను పరీక్షించాను. ఎత్తు, బరువు వయసుకు తగినట్టే ఉన్నాయి. కనురెప్పల లోపల ఎరుపు బాగానే ఉంది. గుండె చప్పుడు సవ్యంగా ఉంది. నేల మీద కూర్చోబెట్టి లేవమంటే చేతుల ఆసరా లేకుండానే లేచింది. కండరాల జబ్బున్న పిల్లలు తమ తొడల మీద తామే చేతులూని, పాకుతున్నట్టుగా పైకి లేస్తారు. ఈ పాపలో అది లేదు. ఇక పాపను వదిలి ఇంటిని పరీక్షించాను.

హాలు చిన్నదేమీ కాదు. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు ఉంటుంది. అందులో మూలకు తిరిగిన పెద్ద సోఫా, నడుమ గాజుబల్ల టీపాయ్, గోడ పొడవునా టీవీ అలమర, ఆరు కుర్చీల భోజనాల బల్ల. ఇవన్నీ పోగా పాప అడ్డు లేకుండా పరుగెత్తగలిగిన చోటు నా పాదాలతో కొలిస్తే నాలుగంగలు. పడకగదిలో మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు ఉంది. బాల్కనీలో వాషింగ్ మెషీను, బట్టలారేసే స్టాండు, పాత పేపర్ల కట్టలు. ఆటవస్తువులకు మాత్రం కొదవ లేదు, బుట్టెడున్నాయి. అన్నీ బ్యాటరీవే. మీట నొక్కితే అవి గెంతుతాయి, పాప కూర్చొని చూస్తుంది.

కాఫీ తాగుతూ గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఆ గంటలో "పడతావ్", "వద్దు", "ముట్టుకోకు", "దిగు" అనే మాటలు పదకొండుసార్లు వినిపించాయి. పాప నెమ్మదితనం పుట్టుకతో వచ్చినది కాదు. ఆ గదీ, ఆ మాటలూ కలిసి నేర్పినది.

నాయనమ్మగారిని తప్పుపట్టటానికి మాత్రం వీల్లేదు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. పిల్ల వెంట పరుగెత్తలేరు. పాప నుదురు బొప్పి కడితే సాయంత్రం కొడుకూ కోడలూ అడిగేది ఆవిడనే. పిల్ల కదలకుండా కూర్చుంటే ఆవిడకు గుండె నిబ్బరంగా ఉంటుంది. ఉద్యోగం చేసే తల్లిని తప్పుపట్టటం ఇంకా అన్యాయం. తండ్రిని ఎవరూ ఎందుకు అడగరో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కదలిక, నిద్రలను గురించి సూచనలు వెలువరించింది. ఏడాది దాటిన బిడ్డ రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదలాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఆ 180లో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేటంత హుషారైన ఆట ఉండాలి. తోపుడు బండిలోనో కుర్చీలోనో కట్టినట్టుగా ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టకూడదు. ఇంకా నడవని పసివాళ్లను మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్లెదుట, రోజుకు అరగంటైనా విడతలు విడతలుగా బోర్లా పడుకోబెట్టాలి. మూడు, నాలుగేళ్లవారికి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్లవారికి గంటకు మించరాదనీ భారత శిశువైద్యుల సంఘం కూడా చెబుతున్నది.

మూడు గంటలనగానే తల్లిదండ్రులు బెంబేలు పడతారు. కంగారు పడకండి, ఇది కసరత్తు కాదు. నడవటం, వంగటం, ఎక్కటం, దిగటం, మోయటం అన్నీ లెక్కకు వస్తాయి. పెరడూ, వీధి అరుగూ, నీళ్ల బిందెలూ ఉన్న ఇంట్లో ఈ 180 నిమిషాలు ఎవరూ లెక్కపెట్టకుండానే పూర్తయ్యేవి. ఆ ఇళ్లను నేను పొగడబోవటం లేదు. మూత లేని బావులూ, నేల మీది పొయ్యిలూ మింగిన పిల్లలను ఆసుపత్రిలో చూసినవాణ్ని. కాని ఆ ఇళ్లలో నేల ఖాళీగా ఉండేది. చాప పరిస్తే పడకగది, చుట్టేస్తే ఆటస్థలం.

మా పొరుగింట్లో మేము చేసిన మార్పులకు ఖర్చు దాదాపు లేదు. గాజు టీపాయ్ మేడ మీది గదిలోకి పోయింది. భోజనాల బల్లను గోడకు జరిపి, రెండు కుర్చీలను అటక ఎక్కించారు. ఒక పాత పరుపును నేల మీద పరిచారు, దొర్లటానికీ గెంతటానికీ. నేల మీద సుద్దతో తొక్కుడుబిళ్ల గళ్లు గీశారు. గుడ్డపీలికలతో నాయనమ్మగారే ఒక బంతి చుట్టారు. దానితో అలమర అద్దం పగలదు.

అన్నిటికంటె పనిచేసినది పనులు చెప్పటం. ఈ వయసు పిల్లలకు ఇంతకన్నా మంచి వ్యాయామం నాకు తెలియదు. నాయనమ్మగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చుంటారు. "అమ్మలూ, బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తే" అంటారు. పాప తెస్తుంది. "ఇంకొకటి తే." ఇలా ఒక్కొక్కటిగా పది. ఆరిన బట్టలు ఎవరివి వారి గదిలోకి చేరవేయటం, భోజనాల వేళ గ్లాసులు పెట్టటం, చీపురు పట్టి ఊడ్చినట్టు నటించటం. పిల్లకు గొప్ప, ఆవిడ మోకాళ్లకు విశ్రాంతి. కాస్త సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. ఉల్లిపాయ పొట్టు హాలంతా పడుతుంది.

చిక్కులు లేకపోలేదు. వారం తిరగకుండానే కింది ఫ్లాటువారు పైకి వచ్చి తలల మీద రోలు దొర్లుతున్నట్టుందన్నారు. వారింట్లో జబ్బు మనిషి ఉన్నారు, వారి బాధా నిజమే. పరుపు కింద రెండు జంపఖానాలు మడిచి వేశాము. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు గెంతులాట మానిపించాము. వారు పూర్తిగా తృప్తి పడలేదు, ఇప్పటికీ లిఫ్టులో ఎదురైతే ముఖం ముడుచుకొంటారు. సెల్లార్‌లో కార్లున్నాయి కనుక అక్కడ పిల్లలు ఆడరాదని సంఘంవారు బోర్డు పెట్టారు. వెనక్కి వచ్చే కారుకు మూడేళ్ల పిల్ల కనిపించదు కనుక ఆ బోర్డును నేను సమర్థిస్తాను. కాని సెల్లార్ వద్దన్నవారు మరొక చోటు చూపాలి కదా. టెర్రస్ తాళం ఎప్పుడూ వాచ్‌మన్ దగ్గరే ఉండేది. మూడు సమావేశాల వాదన తరువాత సాయంత్రం గంటసేపు తెరవటానికి ఒప్పుకొన్నారు, పెద్దలెవరైనా వెంట ఉండాలన్న షరతుతో. మా బెజవాడ వేసవిలో ఆరు దాటితే గాని ఆ గచ్చు మీద కాలు పెట్టలేము. అయినా ఐదారుగురు పిల్లలు వస్తున్నారు. ఒక్క పిల్ల ఆడేదానికీ, నలుగురు కలిసి ఆడేదానికీ ఉన్న తేడా చూడాలంటే అక్కడికి రావాలి.

ఆరుబయట వెలుతురుకు మరొక ప్రయోజనం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలను బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్లకు వారిలో 30 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది, మామూలుగా ఉన్న బడుల పిల్లల్లో 39 శాతానికి పైగా వచ్చింది. దూరం కనిపించక ముందు బల్లకు జరిగే పిల్లలు మన నగరాల్లో ఎందరో మీరే చూస్తున్నారు.

రెండు నెలలకు ఆ పాప మూడంతస్తుల మెట్లు చెయ్యి పట్టుకొని ఎక్కసాగింది. నిద్ర తొమ్మిదిన్నరకు వస్తున్నది. టానిక్కు అవసరం రాలేదు. అన్నం పేచీ మాత్రం తగ్గలేదు, ఎందుకంటే ఫోను చూపిస్తూ తినిపించే అలవాటును మాన్పించటం మా వల్ల కాలేదు. ఈ అలవాటు సంగతి నిష్కర్షగా చెబుతాను. తెర చూస్తూ తినే బిడ్డకు ఆకలి ఎక్కడ తీరిందో తెలియదు, నోట్లో ముద్ద ఉన్నదన్న ధ్యాసా ఉండదు. మొదలుపెట్టకుండా ఉండటం తేలిక, మాన్పించటం కష్టం. ఇంట్లో ఇంకా పాలుతాగే పిల్లలున్నవారు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. "ఇప్పుడు పిల్ల ఒకచోట నిలవటం లేదండీ" అని నాయనమ్మగారు నాతో ఫిర్యాదుగా అన్నారు. ఆవిడ ముఖంలో మాత్రం ఫిర్యాదు లేదు.

చక్రాల వాకర్ల గురించి కూడా అడుగుతుంటారు. కొనకండి. అందులో కూర్చున్న బిడ్డ శరీర బరువును తన కాళ్ల మీద మోయదు, మునివేళ్లతో నేలను తన్నుకొంటూ జారుతుంది. నడక ముందుగా రాదు సరికదా ఆలస్యం కావచ్చు. మెట్ల మీద నుంచి, వేడి గిన్నెల మీదికి దొర్లిపోయే ప్రమాదం కూడా ఉంది. కెనడా ప్రభుత్వం 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన వడ్రంగులు చేసే మూడు చక్రాల చెక్కబండి వేరు. అక్కడ బిడ్డ నిలబడి, తన బలంతో తోసుకుపోతుంది.

కదలనివ్వండి అంటున్నానంటే కాపలా తీసెయ్యండి అని కాదు. బాల్కనీ కటకటాల సందు నాలుగంగుళాలకు మించకూడదు. దాని దగ్గర కుర్చీ, స్టూలు, పూలకుండీ ఏదీ ఉండరాదు. ఎత్తైన అలమరలను గోడకు బిగించండి. బాత్‌రూమ్‌లో నీళ్లున్న బకెట్టు వదలకండి, రెండేళ్ల బిడ్డ మునగటానికి జానెడు నీళ్లు చాలు. పొయ్యి మీద పని జరుగుతున్నంతసేపు వంటింటి గుమ్మమే హద్దు. ఇవి ఒక ఆదివారం పూట పూర్తయ్యే పనులు. ఇవి చేస్తే గంటకు పదకొండుసార్లు "వద్దు" అనవలసిన అవసరం సగానికి తగ్గుతుంది.

ఇక కొందరు పిల్లలు చోటున్నా కదలరు. వారి సంగతి వేరు. ఒంటరిగా నడవటం మామూలుగా ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చును. ఢిల్లీతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్క ఇది. కొందరు అసలు దోగాడకుండానే నడుస్తారు, దానికి దిగులు పడనక్కరలేదు. కాని 18 నెలలు నిండినా నడవకపోయినా, వచ్చిన నడక పోయినా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, ఒక పక్క చెయ్యి కాలు తక్కువగా వాడుతున్నా, ఆడేటప్పుడు పెదవులు నీలం తిరుగుతున్నా టానిక్కులతో నెలలు గడపకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి ఇటువంటి పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. చాలా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఈఐసీ పేరుతో ఒక కేంద్రం ఉంటుంది. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఆశా కార్యకర్తను గాని అడిగితే చిరునామా చెబుతారు. వెళ్లేటప్పుడు టీకాల కార్డు, బిడ్డ ఇంట్లో నడిచే తీరును ఫోనులో తీసిన చిన్న వీడియో వెంట తీసుకువెళ్లండి. కొత్తచోట పిల్లలు నడవరు.