మూడు ఆసులూ, మా అమ్మ పాదమూ

మా ఇంట్లో ఉప్పు నిండుకోవచ్చు, పప్పు నిండుకోవచ్చు గాని, పేకముక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు. ఎందుకంటారా? మా నాయన ఈ నారాయణఖేడ్‌లోనే రెండెకరాల చేనూ, అమ్మ గాజులూ పత్తాల్లో పోగొట్టాడు.

అలాంటిది, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి మొన్న కొత్త పేక పట్టుకొచ్చింది!

"సంభావ్యత పాఠమమ్మా. సగం లెక్కలు పత్తాల మీదే ఉన్నాయి. ఇస్పేటేదో, కళావరేదో తెలియకపోతే ఎట్ల?" అంది.

అమ్మ ఏమంటుందోనని నా గుండె దడదడలాడింది. అమ్మ ఏమీ అనలేదు. ఓ మూల కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"నాయనది మూడు ముక్కలాట. మూడు ఆసులు పడితే పోయిందంతా తిరిగొస్తదనేవాడు" అన్నాను.

అమ్మాయి ముక్కలు నేలమీద పరిచింది. 52 ముక్కల్లో ఆసులు 4. కాబట్టి మొదటి ముక్క ఆసు కావడానికి 13లో ఒక వంతు అవకాశం. అది వచ్చాక మిగిలినవి 51, వాటిలో ఆసులు 3: 17లో ఒక వంతు. ఆ తర్వాత 50లో 2: 25లో ఒక వంతు. మూడింటినీ గుణిస్తే 5,525!

"అంటే రాత్రికి వంద ఆటలాడినా, సగటున యాభయ్యయిదు రాత్రులకోసారి వస్తాయన్నమాట. జతా, వరసా, రంగూ ఏమీ లేని వట్టి చెయ్యి మాత్రం నాలుగింట దాదాపు మూడుసార్లు!"

"నిన్న పడలేదు గనక ఇవాళ పడతాయేమో?"

"కలిపేశాక పత్తాలకు నిన్నటి సంగతి గుర్తుండదమ్మా."

"రమ్మీ అట్లా కాదు, అందులో నేర్పుంది. సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టే చెప్పింది" అన్నారు మా వారు పేపరు చాటునుంచి.

"2017లో మన రాష్ట్రం పందెం రమ్మీని కూడా నిషేధించింది లెండి" అన్నాను. పేపరు మళ్లీ పైకి లేచింది.

అప్పుడు అమ్మ మెల్లగా అడిగింది: "అయితే బిడ్డా, ఇంట్లకు కొత్తగ ఎవరొచ్చిండ్రో పత్తాలకు తెల్వదా?"

మాకు అర్థం కాలేదు.

"నేను కాపురానికొచ్చిన ఏడే చేను పోయింది. నా పాదం మంచిది కాదన్నది మా అత్త. సచ్చేదాంక అన్నది. నేను గూడ గట్లనే అనుకున్న."

ఏం చెప్పమంటారు! ఇన్నేళ్లూ అమ్మ పేకముక్కల్ని కోపంతో దూరం పెట్టిందనుకున్నాను. అది భయమని నాకు తెలియనే తెలియదు.

అమ్మాయి ముక్కలు వదిలేసి వెళ్లి ఆమె పక్కన కూచుంది.

"తెల్వదు అమ్మమ్మా. ఈ లెక్కలో నీ పాదానికి చోటే లేదు."

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపింది.

"ఆ పదమూడు, పదిహేడు, ఇరవయ్యయిదు... మళ్లొక్కసారి చెప్పు" అంది.