చిలకలో ప్రాణం

పిల్లల కథల పుస్తకం ఏది చేతిలోకి తీసుకున్నా, కథ ముగిసిన చోట నాలుగు గీతల మధ్య లావు అక్షరాలతో ‘నీతి’ అని ఒక వాక్యం అచ్చువేస్తున్నారు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి, పంజరం వెతికి పట్టుకుని, చిలక మెడ విరిచి, రాయిగా మారిన తండ్రిని మళ్లీ మనిషిని చేసుకుని ఇంటికొస్తాడు. కింద మాత్రం ‘నీతి: కష్టపడితే ఫలితం దక్కుతుంది’. అంత దూరం వెళ్లింది ఈ ముక్క తేవడానికా? ఇంకొన్ని పుస్తకాల్లో మాంత్రికుడు చివర్లో తప్పు ఒప్పుకుని మంచివాడైపోతున్నాడు. చంపితే పిల్లలు జడుసుకుంటారట. మాంత్రికుడు చావకుండా తిరుగుతున్న కథ విని ఏ పిల్లవాడు నిశ్చింతగా పడుకుంటాడు?

పంచతంత్రంలో నీతి లేదా అని అడుగుతారు. ఉంది. చదువబ్బని రాకుమారులకు రాజ్యమేలే తెలివి నేర్పాలని విష్ణుశర్మ పనిగట్టుకుని చెప్పిన కథలవి. ఆ నీతి లౌక్యం, రాజనీతి. ఆ పుస్తకం గొప్పతనం దానికుంది. ఆరో శతాబ్దంలో పారశీక చక్రవర్తి అనూషిర్వాన్ కోసం బుర్జోయ్ అనే వైద్యుడు దాన్ని పహ్లవీలోకి తెచ్చాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబీలో ‘కలీలా వ దిమ్నా’గా రాశాడు. అక్కణ్ణుంచి అది యూరప్ దాకా నడిచింది. కానీ నేను మాట్లాడేది దీపం తగ్గించాక అమ్మమ్మలు చెప్పిన కథల సంగతి. రాక్షసులూ, మాంత్రికులూ, పేదరాశి పెద్దమ్మలూ తిరిగే కథలు. వాటికి నీతి తగిలిస్తే ఊపిరాడదు. భేతాళుడు కథంతా చెప్పి చివర ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. కథ చివర ఏముండాలో ఆ పాతకాలపు కథకుడికి బాగా తెలుసు.

ఈ కథలన్నిటిలో నాకు ప్రాణసమానమైనది, ప్రాణం చిలకలో దాచుకున్న మాంత్రికుడి కథ. మనకది బాలనాగమ్మ కథ. బుర్రకథగా ఊరూరా తిరిగింది, నాటకమయింది, 1942లో జెమినీ వారి సినిమా అయింది. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. ఏడుగురు అక్కచెల్లెళ్లలో చిన్నది బాలనాగమ్మ. ఉయ్యాలలో పసిబిడ్డ ఉండగా మాంత్రికుడు భిక్షగాడిలా గుమ్మంలోకి వస్తాడు, ఆమెను కుక్కగా మార్చి తన గట్టుకు తోలుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్లిన మగవాళ్లు రాళ్లయిపోతారు. ఉయ్యాలలో మిగిలిన బిడ్డ బాలవర్ధి పెరిగి పెద్దవాడై, పూలమ్మే ముసలమ్మ ఇంట్లో చేరి, పూలదండతో తల్లికి కబురు పంపుతాడు. ప్రాణం ఎక్కడ దాచాడో తల్లి ఆ మాంత్రికుడి నోటితోనే చెప్పిస్తుంది.

ఇప్పుడు ఇంకో పుస్తకం సంగతి చూడండి. 1865లో బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ దక్కన్‌లో పర్యటనకు బయల్దేరాడు. వెంట కూతురు మేరీ ఉంది. తోడుగా ఆయా అన్నా లిబరాటా డిసౌజా. పొద్దుపోక మేరీ కథలు చెప్పమంది. అన్నా తన అమ్మమ్మ దగ్గర విన్న కథలు చెప్పింది. మేరీ రాసుకుంది. 1868లో లండన్‌లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అని పుస్తకం వచ్చింది. అందులో మొట్టమొదటి కథ ‘పంచ్‌కిన్’. ఏడుగురు రాకుమార్తెల్లో చిన్నదాని పేరు బాల్నా. ఉయ్యాలలో బిడ్డ. ఫకీరు వేషంలో వచ్చిన మాంత్రికుడు ఆమెను నల్ల కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతకబోయినవాళ్లు రాళ్లవుతారు. బిడ్డ పెరిగి తోటమాలి భార్య ఇంట్లో దిగి, పూలలో ఆనవాలు దాచి తల్లికి పంపుతాడు. ఎక్కడో కారడవిలో తాటిచెట్ల నడుమ ఒకదాని మీద ఒకటి ఆరు నీళ్లకుండలు, వాటి అడుగున పంజరం, పంజరంలో పచ్చని చిలక. దాంట్లో వాడి ప్రాణం.

ఇది చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. మనం బుర్రకథలో విన్న అమ్మాయే అన్నా అమ్మమ్మ నోట కూడా ఉంది. కథను ఎవరు ఎవరికి ఇచ్చారో తేల్చమని నన్నడక్కండి. దక్కన్ పీఠభూమి మీద బండ్లతో, జంగాలతో, పెళ్లిళ్లతో, వలసలతో భాషలన్నీ దాటుకుంటూ ఆ అమ్మాయి నడిచింది. అన్నా కుటుంబమే లింగాయతుల నుంచి క్రైస్తవులై, కాలికట్ నుంచి గోవాకు, అక్కణ్ణుంచి పూనాకు వచ్చిన కుటుంబం. కథ ఇలాంటివాళ్ల మూటల్లోనే కదా ప్రయాణం చేసేది.

అక్కడితో అయిపోలేదు. రష్యాలో కొష్చేయ్ అనే చావులేనివాడి చావు సూదిలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె చెట్టు కింద. నార్వేలో గుండెను ఒంట్లో పెట్టుకోని రాక్షసుడున్నాడు. మన మైరావణుడి ప్రాణాలు తుమ్మెదల్లో ఉన్నాయి. వెనక్కి వెనక్కి వెళితే, క్రీస్తుకు పూర్వం సుమారు 1200 నాటి ఈజిప్టు పాపిరస్ మీద అన్నదమ్ముల కథ ఒకటి రాసి ఉంది. తమ్ముడు బాటా తన గుండెను చెట్టుపూవు మీద పెడతాడు. భార్య రాజుకు చెట్టు గుట్టు చెబుతుంది, చెట్టు కొట్టేస్తారు, బాటా కూలిపోతాడు. అన్న వెతికి ఆ గుండెను నీళ్లలో వేస్తే తమ్ముడు లేస్తాడు. అక్కడ ప్రాణం దాచుకున్నది మంచివాడు. తర్వాతి కాలంలో ఎక్కడో ఒకచోట ఆ రహస్యం దుర్మార్గుల చేతిలో పడింది. మూడు వేల ఏళ్లకు పైబడి మనుషులు ఈ ఒక్క సంగతిని చెప్పుకుంటూనే ఉన్నారు!

జేమ్స్ ఫ్రేజర్ 1890లో ‘గోల్డెన్ బౌ’ రాసినప్పుడు ఈ కథలన్నీ కుప్పపోసి, ఆదిమ మానవుడు ప్రాణాన్ని ఒంటి బయట భద్రంగా దాచుకోవచ్చని నమ్మేవాడని చెప్పాడు. పుట్టుక అదే కావచ్చు. కానీ ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. కథ ఎందుకు పోలేదు? నాకు తోచింది చెబుతాను. పిల్లవాడి చుట్టూ ఉన్నవాళ్లంతా వాడికంటే పెద్దవాళ్లు, బలవంతులు. వాళ్లను ఎదిరించే దారి వాడికి కనపడదు. ఈ కథ వాడి చెవిలో చెప్పేదొక్కటే: బలవంతుడి బలం వాడి ఒంట్లో లేదు. ఎక్కడో ఒక మూల, చేత్తో పట్టుకోగలిగినంత చిన్నదిగా, మెత్తగా ఉంది. దాన్ని వెతికితే దొరుకుతుంది. నియంతల్ని చూసినవాళ్లకూ, వడ్డీ వ్యాపారుల్ని చూసినవాళ్లకూ ఇది అబద్ధమనిపించదు. ఆ చోటు కనిపెట్టేది ఎవరు? చెరలో ఉన్న ఆడది. ఏళ్ల తరబడి ఓపిక పట్టి, ఒక్క మాట అడిగి సగం యుద్ధం గెలుస్తుంది. మిగతా సగం చిన్నపిల్లవాడి పని. చెప్పేదీ ఆడవాళ్లు, వినేదీ పిల్లలు. చిలక రెక్క విరిస్తే మాంత్రికుడి చెయ్యి ఊడాలి, కాలు విరిస్తే కాలు ఊడాలి, మెడ విరిస్తే వాడు కూలాలి. ఆ లెక్క పూర్తికాకపోతే న్యాయం జరిగినట్టు పిల్లలు ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకోకపోవడం సబబే.

మెత్తబరిచే జబ్బు ఇవాళ్టిదేం కాదు. గ్రిమ్ సోదరుల 1812 నాటి తొలి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లి. 1819 కూర్పుకల్లా ఆమె సవతితల్లి అయిపోయింది. తల్లుల మనసు నొచ్చుకోకూడదని సవతితల్లుల నెత్తిన పెట్టారు. అయినా ఆ సోదరులు రాణికి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి ఆడించడం మాత్రం చివరి దాకా మానలేదు. అందుకు వాళ్లకు దండం పెడతాను.

ఇంకో వాదం ఉంది. దయ్యాల కథలు చెబితే పిల్లలకు మూఢనమ్మకాలు పట్టుకుంటాయని. దానికి మన దగ్గరే జవాబుంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ను నడిపించినవాడు కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు, మూఢత్వం మీద కలం విడవకుండా పోరాడినవాడు. ఆయనే నెలనెలా భేతాళుణ్ణి చెట్టు దింపించాడు, దయ్యాలకూ రాక్షసులకూ సొంపైన తెలుగు నేర్పాడు. ఆ పత్రిక చదివి పెరిగిన తరాల్లో భూతవైద్యుల కంటే ఇంజనీర్లూ, డాక్టర్లూ, లెక్కల మాస్టార్లే ఎక్కువ వచ్చారు. పగలు తర్కం కావలసినవాడికే రాత్రి మాయ కావాలి. ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో పిల్లలకు చక్కగా తెలుసు.

అసలు ఈ కథలంటే మనుషులకున్న ఆకలి ఎంతటిదో గుణాఢ్యుడి కథలో ఉంది. శివుడు పార్వతికి ఏకాంతంలో చెప్పిన కథలను ఒక గణం చాటుగా విని శాపం తెచ్చుకున్నాడట. అవి చివరకు గుణాఢ్యుడి దగ్గరికి చేరితే, ఆయన పైశాచీ భాషలో, సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. సాతవాహన రాజు ఆ భాష చూసి ఛీ కొట్టాడు. గుణాఢ్యుడు కొండ మీద నిప్పు రాజేసి, ఒక్కొక్క పుటా మృగాలకు చదివి వినిపిస్తూ మంటలో వేశాడు. అడవిలో జంతువులు మేత మాని, చుట్టూ చేరి కన్నీళ్లు కారుస్తూ విన్నాయి. రాజుగారి వంటశాలకు వచ్చిన మాంసం ఎండిపోయి, రాజు జబ్బుపడి, ఆరా తీసి, పరుగున వచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే. ఆ మిగిలినదాని ఛాయే పదకొండో శతాబ్దంలో కాశ్మీరు రాణి సూర్యవతి కోసం సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’ అంటారు. రాజు కాదన్నదానికి జింకలు తిండి మానేశాయి! సాహిత్యం మీద ఇంతకు మించిన విమర్శ నేనెక్కడా చదవలేదు.

ఆ ఆకలే మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీ మజిలీ కథలు’లో గోపాలుడిదీనూ. యతి మణిసిద్ధుడితో కాశీకి నడిచే పశువుల కాపరి కుర్రాడు. మజిలీ మజిలీకీ ఏదో వింత చూసి, దాని కథ చెబితే గానీ కాలు కదపడు. వాడి పుణ్యాన పన్నెండు భాగాలు వచ్చాయి. వాటిలోని కథే మూలంగా 1951లో కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’ తీశాడు, పింగళి నాగేంద్రరావు మాటలు రాశాడు. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడై తెలుగు మాంత్రికులందరికీ గడ్డం తీరు ఖాయం చేశాడు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జులైలో ‘చందమామ’ పెట్టారు.

‘చందమామ’ అన్నాక దాసరి సుబ్రహ్మణ్యం పేరు తలవకుండా ముందుకు పోలేను. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... ఈ పేర్లు వరసగా చదువుతుంటేనే నాకు ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి. ప్రతి నెలా కొండ అంచున, మొసలి నోటి ముందర, కూలుతున్న వంతెన మీద మనల్ని నిలబెట్టి పోయేవాడు. ఏళ్ల తరబడి ఆ సీరియళ్ల మీద ఆయన పేరు లేదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే తెలుగు పిల్లలందరూ ఆయన కోసం నెలాఖరు దాకా ఎదురుచూశారు. చిత్రకారుడు ‘చిత్ర’ రంగుల్లో వేసిన బొమ్మలు పక్కన ఉండేవి. నిలువెత్తు విగ్రహాలు, తోకలూ కొమ్ములూ ఉన్న వింత మృగాలు, కొండ మీద శిథిలమైన కోటలు. శంకర్ వేసిన భేతాళుడి బొమ్మ ఎంత గొప్పదైనా, అడవి అంటే నాకు చిత్ర గీసిన అడవే.

ఆ రోజుల్లో ఇంటింటా ఒక పని జరిగేది. పాత సంచికల పిన్నులు ఊడదీసి, సీరియల్ పుటలు మాత్రం వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేయించేవాళ్లు. మా అన్నయ్య ‘రాకాసిలోయ’ అలా కుట్టించాడు. తప్పిపోయిన నెలల సంచికల కోసం తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి, ఇచ్చి పుచ్చుకుని, మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా ఒక్క పుట లోపం లేకుండా చేశాడు. ముదురు ఎరుపు కాలికో, మూలలకు నల్ల గుడ్డ. ఒక వేసవిలో పెళ్లికి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన రైల్లో చదువుకుంటానని దాన్ని పట్టుకుపోయాడు. మా అమ్మ, మొహమాటానికి, “తీసుకెళ్లండి అన్నయ్యగారూ, దానిదేముంది” అంది. మళ్లీ రాలేదు. ఉత్తరాలు రాశాం. ఆ చుట్టం మనవలే చదువుతున్నారనీ, పంపుతామనీ జవాబులు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. ఆయన ఇప్పుడు లేడు. అయినా నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. డబ్బు ఎగ్గొట్టినవాళ్లను మరిచిపోవచ్చు, పిల్లల దగ్గర కథ పట్టుకుపోయినవాణ్ణి మరిచిపోకూడదు.

దాసరి 2010లో పోయాడు. తర్వాత ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి, అట్ట మీద ఆయన పేరుతో. కొన్నాను, చదివాను, సంతోషించాను. కానీ అన్నయ్య కుట్టించిన పుస్తకంలో నెల నెలకూ కాగితం రంగు మారేది, కొన్ని పుటల వెనక కొసరుగా వేరే కథ సగం ఉండేది. ఒక దాంట్లో రాజుగారి ఏనుగు మాట్లాడటం మొదలుపెట్టి, పుట మారేసరికి ఆగిపోయేది. ఆ ఏనుగు ఏం చెప్పిందో తెలుసుకోవడానికి పాత సంచికలు అమ్మే చోటల్లా ఇప్పటికీ వెతుకుతున్నాను. మీ ఇంట్లో, మీ అత్తవారింట్లో, అటకల మీద కుట్టిన ‘చందమామ’ పుటలు ఎక్కడైనా ఉంటే చిత్తుకాగితాల వాడికి వెయ్యకండి. ముదురు ఎరుపు కాలికో, నల్ల మూలలు ఉంటే అది మాది. తెచ్చివ్వండి.