లాడ్ బజార్‌లో ఉస్తాద్ దగ్గరి చదువు

చార్మినార్‌కు పడమటి దిక్కున సాగే లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల వరస దాటి పాతబస్తీ సందుల్లోకి మళ్లితే, లక్క గాజులు తయారయ్యే చిన్న కార్ఖానాలు కనిపిస్తాయి. చెట్ల కొమ్మల మీద బతికే ఒక పురుగు స్రవించే జిగురు పదార్థమైన లక్కను బొగ్గుల కుంపటి మీద కరిగించి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, వలయంగా వంచి, మళ్లీ వేడి చూపి, అది మెత్తబడిన కాస్త వ్యవధిలోనే రాళ్లను, అద్దపు తునకలను ఒక్కొక్కటిగా పొదుగుతారు. వేడి ఎక్కువైతే రాయి లక్కలో మునిగిపోతుంది, తక్కువైతే పట్టు లేక తర్వాత రాలిపోతుంది. ఆ హద్దు వేళ్లకే తెలియాలి గనుక, షాగిర్ద్, అనగా శిష్యుడు, ఉస్తాద్ పక్కన కూర్చుని పని చేస్తూనే పని నేర్చుకుంటాడు.

పని చేసే చోటే పని నేర్పే పద్ధతి పెద్ద కంపెనీల్లోనూ ఉంది. ఉద్యోగులకు పని నేర్పి, ఆ చదువును పదోన్నతితో ముడిపెట్టడానికి పెద్ద కంపెనీలు సొంతంగా నడుపుకునే సంస్థలను కార్పొరేట్ విశ్వవిద్యాలయాలు అంటారు; జనరల్ ఎలక్ట్రిక్ 1956లో అమెరికాలోని క్రోటన్‌విల్‌లో నెలకొల్పిన కేంద్రం వాటిలో తొలితరానిది. అదే ఏడాది హైదరాబాదులో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఏ ఒక్క కంపెనీదీ కాకపోయినా, కొలువులో ఉన్నవారికే పాఠాలు చెప్పింది. నేర్పడంలో లాడ్ బజార్ వీటికి తీసిపోదు. తేడా అంతా నేర్చుకున్న తర్వాత వస్తుంది. కంపెనీలో శిక్షణ ముగిస్తే హోదా మారే దారి ఉంటుంది, ఇక్కడ కూలి మాత్రం చేసిన గాజుల లెక్కనే అందుతుంది, సొంత కార్ఖానా పెట్టాలంటే చేతి నేర్పుతో పాటు పెట్టుబడీ కావాలి. ఇళ్లలో రాళ్లు పొదిగే స్త్రీలకు ఆ మెట్టు మరీ దూరం.

చేతివృత్తులవారికి శిక్షణ, గుర్తింపు పత్రం ఇచ్చేందుకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను ప్రకటించినా, వాటిలో గాజుల తయారీ లేదు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడే చట్టబద్ధమైన హక్కు, లభించింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం తయారీదారులు అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ గుర్తింపును వాడుకునే హక్కున్నవారిగా, తమ పేరు నమోదు చేసుకోవచ్చు. వర్తకులకూ అదే వీలుంది కనుక, ఆ నమోదును ముందుగా ఉస్తాద్‌ల, షాగిర్ద్‌ల, ఇళ్లలో రాళ్లు పొదిగే స్త్రీల పేర్లతో మొదలుపెట్టాలి.