కిరాయి రూము ముచ్చట్లు – 9: చేప వాసన ఏ రోజు మొదలైంది?

నిన్న ఆదివారం ఎల్‌బీ నగర్‌లో మా ఇంటికి ఇద్దరు తమ్ముళ్లు వచ్చారు. ఒకడిది సూర్యాపేట దిక్కు, ఇంకొకడిది దేవరకొండ దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. రూము ఖాళీ చేయమన్నారట. ఇంకోటి దొరికేదాకా బ్యాగులు పెట్టుకుంటామని వచ్చారు. ఎందుకు ఖాళీ చేయమన్నారురా అంటే చిన్నోడు తల దించుకుని, "వాసన వస్తుందంటున్నరన్నా" అన్నాడు.

ఇంకేం అడగలేదు. ఫ్రిజ్‌లో మసాలా పట్టించి పెట్టిన చేప ముక్కలుంటే తీసి స్టవ్ వెలిగించాను.

ఆ ముక్కల సంగతి మీకు చెప్పాలి. ముల్లు తీసిన చేపకు మసాలా పట్టించి వేయించడం నేను పదేళ్ల కింద నేర్చుకున్నాను. రుచి కోసం మాత్రం కాదు.

2015 జనవరిలో చైతన్యపురిలో ఒక ఇంటి పైన రూము తీసుకున్నాం, ఇద్దరం. కింద ఓనర్లు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం రవ్వ చేప తెచ్చి పులుసు పెట్టాం. కరివేపాకు లేకపోతే ఓనరాంటీయే పెరట్లో తుంచి ఇచ్చింది. "బాబూ, మీరు మగపిల్లలైనా మంచిగ వండుకుంటున్నరు" అంది. గుర్తుపెట్టుకోండి, అప్పుడు వాసన లేదు.

ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ దగ్గర జయంతికి పోయి మెడలో నీలి కండువాతో రూముకొచ్చాం. గేటు దగ్గర ఆంటీ చూసింది. ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం మళ్లీ అదే చేప, అదే పులుసు. ఈసారి మెట్ల కింద నుంచే కేక: "ఏం వండుతున్నవ్? ఇల్లంతా కంపు! మాకు పూజగది ఉంది." 'మీరు' పోయి 'నువ్వు' అయింది. చేప మాత్రం మారలేదు.

నాకేం చేయాలి మిత్రులారా? పరీక్ష ముందుంది. మధ్యలో రూము మారితే చదువు పోతుంది. అందుకే వాసన తగ్గించే విద్య నేర్చుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. కొరమీను తీసుకుని ముల్లు, తోలు తీయించుకునేవాణ్ణి. తలకాయ అక్కడే వదిలేసేవాణ్ణి, మా చెత్తడబ్బాలో కనపడకూడదు కదా. ముక్కలను బట్టతో తడి లేకుండా ఒత్తి, ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి పది నిమిషాలు. తర్వాత కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, చెంచా బియ్యప్పిండి పట్టించి అరగంట. నిమ్మరసంలో ఎక్కువసేపు ఉంచితే ముక్క తెల్లబడి పొడిపొడిగా విడిపోతుంది. పెనం మీద తక్కువ నూనె, మూత, కిటికీ బంద్, తలుపు కింద తడి టవల్.

దాని వెనకున్న సైన్సు కూడా చదివాను. చెరువు చేపకుండే మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. పులుపు దాన్ని విరగ్గొడుతుంది. చింతపండు పులుసు పెట్టే మా అమ్మలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. మనుషుల ముక్కుల్లో ఉన్న వాసనకు మాత్రం ఏ నిమ్మకాయా పనికిరాలేదు.

మే నెలలో అమ్మ ఊరి నుంచి బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగింది. కొడుకు వండి పెడుతున్నాడని సంబరపడి కూర్చుంది. పళ్లెంలో తెల్లటి ముక్కలు చూసి, "తలకాయేదిరా?" అంది. తేలేదన్నాను. మా ఊళ్లో చెరువు పట్టిన రోజు పెద్ద చేపలు ఊళ్లోకి పోయేవి. మా వాడకు పరకలు, జెల్లలు, ఎవరో వద్దన్న తలకాయలు వచ్చేవి. ఆ తలకాయల పులుసుతోనే మా అమ్మ మమ్మల్ని సాకింది. రెండు ముక్కలు తిన్నాక మూసిన కిటికీ చూసింది, తలుపు కింది టవల్ చూసింది. అంతా అర్థమైంది ఆమెకు. "గిన్ని నిమ్మకాయలెందుకు బిడ్డా, చాపేం తప్పు చేసింది?" అంది. నాకు ముద్ద దిగలేదు.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు తెలంగాణలో చేప ఉడకని ఇల్లు అరుదు. ఓనర్ల ఇంట్లో కూడా ఉడికింది. ఘాటు మెట్లెక్కి మా రూములోకొచ్చింది. పూజగది అక్కడే ఉంది. ఆ నెలాఖరుకే మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. కారణం: వాసన.

అప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్ ఇంకా అక్కడే ఉంది. బాటసింగారానికి తర్వాత పోయింది. ఎండాకాలం కుళ్లిన మామిడికాయల కంపు దిల్‌సుఖ్‌నగర్ దాకా కొట్టేది. దాన్ని ఎవరూ ఏ కులమని అడగలేదు.

కేంద్ర ప్రభుత్వం 2014లో చేసిన ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 99 శాతం మాంసాహారులే. అయినా టులెట్ బోర్డుల మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాస్తారు. నూటికి తొంభైతొమ్మిది మంది తినే రాష్ట్రంలో ఆ బోర్డు తిండి గురించి అడగడం లేదు. "మీరేమోళ్లు?" అని అడుగుతోంది, నోరు తెరవకుండా.

ఇది కిరాయి ఇళ్ల గొడవ మాత్రమే కాదు. 2023లో ఐఐటీ బాంబే మెస్‌లో శాకాహారులకు వేరే టేబుళ్లు పెట్టారు. అక్కడ మాంసం తిని నిరసన తెలిపిన విద్యార్థికి 10 వేల రూపాయల జరిమానా వేశారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆర్టికల్ 17 అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఆర్టికల్ 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల పేర్లు చెప్పింది. కిరాయి రూము పేరు అందులో లేదు. పైగా కులం అని ఎవరూ కాగితం మీద రాయరు. వాసన అంటారు. వాసనకు సాక్ష్యం ఉండదు.

అందుకే సాక్ష్యం మనం పెట్టుకోవాలి. కిరాయి కట్టిన ప్రతి నెలా రసీదో, ఫోన్ పేమెంటో ఉంచుకోండి. అగ్రిమెంట్ లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఖాళీ చేయమంటే కారణం మెసేజ్‌లో అడగండి. ఒక్కరే పోయి మాట్లాడకండి, నలుగురిని తోడు తీసుకుపోండి. నేను 2015లో ఇవేమీ చేయలేదు. బ్యాగు సర్దుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు లేకుండా మెట్లు దిగాను. ఆ సిగ్గు నాది కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

నిన్న మా వంటింటి కిటికీ తెరిచే ఉంది. ముక్కలు వేగుతుంటే చిన్నోడు అలవాటుగా లేచి దాన్ని మూయబోయాడు. "ఉండనీ రా" అన్నాను. పక్క పొయ్యి మీద చింతపులుసులో రెండు తలకాయలు ఉడుకుతున్నాయి. ఇప్పుడు నేను తలకాయలు వదిలి రావడం లేదు.

ఆ ఇద్దరికి రూము కావాలి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట చుట్టుపక్కల ఏదైనా తెలిస్తే చెప్పండి. మీ రూముల్లో వాసన ఏ రోజు మొదలైందో కూడా రాయండి. తారీఖుతో సహా రాయండి.

జై భీమ్.